బొటనవేలి తీర్పు

అరవై మూడో ముక్కను ఆమె ఎడమ అరచేతిలోకి తీసుకుంది. మడిచి ఉన్నప్పుడు మల్టీటూల్ అరిగిన సబ్బుబిళ్లంత ఉంటుంది. పిడులు రెండూ విడదీసి పటకారు నోరు తెరిచింది, మూసింది. దీపానికి ఎదురుగా పట్టి దవడల సందులోంచి వెలుతురు కారుతోందేమో చూసింది. స్క్రూడ్రైవరు, చిన్న రంపం, డబ్బా మూత తీసే కొక్కెం ఒక్కొక్కటే గోటితో లాగి, అంచు తడిమి, మళ్లీ మడిచింది. చాకును ఆఖరికి ఉంచుకుంది.

చాకు పూర్తిగా తెరుచుకోగానే పిడి లోపలి సన్నటి ఉక్కు పట్టీ దాని మడమ కింద టక్కున పడాలి. ఆ పట్టీయే లాకు. దాని పట్టు తప్పితే చాకు మూసుకునేది పట్టుకున్నవాడి వేళ్ల మీదే. ఆమె చాకు వీపును బల్ల మీది చెక్కదిమ్మకు ఆనించి నొక్కింది. తర్వాత కుడి బొటనవేలితో కాస్త పక్కకు తిప్పుతూ నొక్కింది. పట్టు సరిగా లేని పట్టీ ఆ క్షణంలో వెంట్రుకవాసి వణుకుతుంది. ఆ వణుకు కంటికి కనిపించదు, చెవికి వినిపించదు. పొడవులూ గట్టిదనమూ కొలిచే యంత్రాలు పక్కగదిలో ఉన్నాయిగానీ దీనికి మాత్రం బొటనవేలే యంత్రం.

వణుకు లేదు. ఏడో నంబరు ముద్రవేసి పెట్టెలో పెట్టింది. ఏడు ఆమె నంబరు.

ఫ్యాక్టరీలో ఆమెను 'ఎర్రచీటీ' అంటారు. తప్పున్న ముక్కకు ఎర్రచీటీ కట్టి, దాని మీద తప్పేమిటో గుండ్రటి అక్షరాలతో రాసి పక్కన పడేస్తుంది కాబట్టి. ఎదుటపడితే అక్క అనీ, చాటున ఎర్రచీటీ అనీ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంట్లో భర్తకు చెబితే పడీపడీ నవ్వాడు. ఆయన దర్జీ. ముందు గదిలో కుట్టుమిషన్, వెనక గదిలో మంచం, పొయ్యి. "నయం, ఇన్నేళ్లలో నాకు కట్టలేదు," అన్నాడు. "కట్టి ఎవరికి పంపను? తిరిగి తీసుకునేవాళ్లెవరున్నారు?" అందామె. వాళ్లకు పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఒకరినొకరు ఎన్నడూ ఎత్తిపొడుచుకోలేదు.

ఇరవై తొమ్మిదేళ్ల కిందట ప్యాకింగులో అట్టపెట్టెలు అతికించే పనికి చేరింది. ఒకరోజు పెట్టెలో సర్దుతున్న ముక్కను చేతిలో ఆడించి, "ఇది బాలేదు," అని పక్కన పెట్టింది. అప్పట్లో ఈ బల్ల దగ్గర కూర్చునే ముసలి మేస్త్రీ వచ్చి ఆ ముక్కను ఐదుసార్లు తెరిచి మూశాడు. మర్నాడు ఆమె కోసం తన పక్కన ఒక ఎత్తుపీట వేయించాడు. "కళ్లు అలవాటు పడిపోతాయమ్మా. రోజూ చూసిన తప్పును ఒప్పే అనుకుంటాయి. చెయ్యి అలా కాదు, దానికి మొహమాటం లేదు," అనేవాడు.

ఆ చెయ్యే ఇప్పుడు మొరాయిస్తోంది. ఐదు నెలలుగా కుడి బొటనవేలూ చూపుడువేలూ కొసల్లో తిమ్మిరి. మొదట్లో పొద్దున్నే ఉండి పోయేది. తర్వాత పోవడం మానేసింది. ఈ పొద్దున భర్త సూదిలో దారం ఎక్కించమని ఇస్తే, ఆమె వేళ్ల మధ్య నుంచి సూది జారి నేల మీద పడింది. పడిందని కూడా ఆమెకు తెలియలేదు. ఉత్త వేళ్లను అలాగే పట్టుకుని నిలబడింది. ఆయన మిషన్ ఆపి చూశాడు.

"డాక్టరుకు చూపిద్దామే," అన్నాడు.

"చెయ్యి కింద పడి నిద్రపోయాను. అంతే."

ఆయన వంగి సూది వెతుక్కున్నాడు.

పదకొండు గంటలకు సూపర్‌వైజరు ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. మంచివాడే. పైవాళ్లకీ కిందివాళ్లకీ మధ్య నలిగి నలిగి నలభై ఏళ్లకే జుట్టు నెరిసింది.

"తిరిగొచ్చాయక్కా. నాలుగు," అన్నాడు.

నాలుగింటి మీదా ఏడో నంబరే. ఒకదాని మడతలో గోధుమరంగు మరక ఎండి, పొలుసులా అంటుకుని ఉంది. తుప్పేమోననుకుని గోటితో గీకబోయి ఆగింది.

"తుప్పు కాదు," అన్నాడు సూపర్‌వైజరు. ఉత్తరం చదివి వినిపించాడు. కరెంటు పనివాడట. నిచ్చెన మీద నిలబడి తీగ పైతొడుగు కోస్తుంటే చాకు మూసుకుపోయింది. రెండు వేళ్ల నరాలు తెగాయి. కుట్లు వేశారుగానీ వేళ్లు ఇంక ముడుచుకోవు. 'నేను పట్టుకున్నది సరిగ్గానే పట్టుకున్నాను' అని ఎవరిచేతో రాయించాడు.

ఆమె చేతిలోని ముక్కను మెల్లగా బల్ల మీద పెట్టింది.

"మీరు కంగారుపడకండక్కా. రివెట్ వదులుగా బిగించారని రాసేస్తాను. మీ దాకా రాదు," అంటూ అతను లైను చివరకు చూశాడు. అక్కడ చాకునూ పిడినీ కలిపే రివెట్లు బిగించే ఆవిడ తలవంచుకుని పని చేసుకుంటోంది. ముప్పై ఐదేళ్లుంటాయి. ఇద్దరు పిల్లలనూ మంచాన పడిన అత్తగారినీ ఆ ఒక్క చేతి మీదే సాకుతోంది.

"సాయంత్రం దాకా ఆగు. ఏమీ రాయకు," అందామె.

అతను వెళ్లాక మరక ఉన్న ముక్కను తీసి చాకు తెరిచింది. టక్కుమంది. దిమ్మకు ఆనించి నొక్కింది. నిలబడింది. బొటనవేలితో తిప్పి నొక్కింది. ఏమీ తెలియలేదు. మళ్లీ నొక్కింది. చేతికి గుడ్డ చుట్టుకుని ముట్టుకున్నట్టుంది. మూడోసారి గట్టిగా తిప్పేసరికి చాకు ఒక్కసారిగా మూసుకుని వేళ్ల పక్కనుంచి పిడిలోకి దూరింది.

భోజనాల గంట కొట్టాక అందరూ వెళ్తుంటే రివెట్లావిడను పిలిచింది. "ఇది కాస్త పట్టుకుని చూడు. నొక్కి, పక్కకు తిప్పు. వేళ్లు జాగ్రత్త."

ఆవిడ చెయ్యి తుడుచుకుని తీసుకుంది. ఒక్కసారి తిప్పగానే మొహం చిట్లించింది. "కదులుతోంది కదక్కా. లోపలేదో వణికినట్టు..." అని, ముద్ర మీద చూపు పడి ఆగిపోయింది.

ఎర్రచీటీ భూతద్దం తీసి మడత లోపలికి చూసింది. రివెట్ బిగువుగానే ఉంది. ఉక్కు పట్టీ అంచు మాత్రం పదునుగా తెగకుండా గుండ్రంగా ఉంది. పట్టీలు కోసే అచ్చు అరిగిపోయింది. అరిగిన అచ్చు నుంచి వచ్చినవన్నీ చెడ్డవి కావు. కొన్ని పట్టుకుంటాయి, కొన్ని పట్టుకున్నట్టు నటిస్తాయి. ఆ నటనను పసిగట్టడానికే ఈ బల్లా ఈ దీపమూ ఈ మనిషీ.

సొరుగులోంచి నాలుగు నమూనా ముక్కలు తీసింది. అవి తిరుగులేని మంచివి. తిరిగొచ్చిన నాలుగింటితో వాటిని కలిపింది. "నేను కళ్లు మూసుకుంటాను. మరక తుడిచెయ్యి. వరస మార్చి ఒక్కొక్కటే నా చేతికియ్యి."

"ఎందుకక్కా ఇప్పుడు?"

"ఇయ్యి."

ఆవిడ ఇచ్చింది. ఎర్రచీటీ ఒక్కొక్కటే తెరిచి, నొక్కి, తిప్పి, 'మంచిది' అనీ 'చెడ్డది' అనీ చెప్పింది. ఎనిమిదీ అయ్యాక కళ్లు తెరిచింది. నాలుగు సరిగ్గా చెప్పింది, నాలుగు తప్పు. నాణెం ఎగరేసి బొమ్మాబొరుసూ చెప్పినా అన్నే వస్తాయి.

"ఆకలి మీదున్నారు, తిన్నాక మళ్లీ చూద్దాం," అంది రివెట్లావిడ జాలిగా. ఆమె వినిపించుకోకుండా ఎడమచేత్తో చేసి చూసింది. మూడే వచ్చాయి. ఎడమచేతికి ఎవరూ చదువు చెప్పలేదు.

బయట గొట్టం దగ్గర ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.

"నా మీద రాస్తారా అక్కా?" అంది రివెట్లావిడ, చిన్నగా.

"నీ రివెట్ రాయిలా ఉంది. ఎవరు రాస్తారో చూస్తాను. పోయి తిను."

మేనేజరు గదిలో ఆమె కుర్చీలో కూర్చోలేదు. సూపర్‌వైజరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాలుగు ముక్కలూ అద్దం బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. పట్టీ అచ్చు అరిగింది. ఆపాల్సింది నేను. నా వేలికి స్పర్శ పోయింది. ఐదు నెలలైంది. చెప్పలేదు.

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క తప్పమ్మా. దానికి ఇంత రాద్ధాంతం ఎందుకు? అచ్చు మార్పిద్దాం. మీరు డాక్టరుకు చూపించుకోండి."

"ఒక్క తప్పు కాదండీ. ఐదు నెలలు. ఆ ఐదు నెలల్లో ఏది మంచో ఏది చెడో నాకే తెలీదు. అన్నిటి మీదా నా ముద్రే ఉంది."

"ఎందుకు చెప్పలేదు మరి?"

"చెప్తే బల్ల దగ్గర్నుంచి లేవమంటారని," అందామె. "లేస్తే ఎక్కడికెళ్లి కూర్చోవాలో తెలీక." ముక్కలను మేనేజరు వైపు జరిపింది. "గోడౌన్లో పద్నాలుగు పెట్టెలున్నాయి. తెరవండి. వెళ్లిపోయినవాటికి ఉత్తరాలు రాయండి. ఆయన వేళ్లు ఇంక ముడుచుకోవట."

మేనేజరు సూపర్‌వైజరు వైపు చూశాడు. సూపర్‌వైజరు నేల చూపులు చూస్తూనే, "తెరుద్దాం సార్. నేనే దగ్గరుండి తెరిపిస్తాను," అన్నాడు. పొద్దుట్నుంచీ అతను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడని ఆమెకు అప్పుడు అర్థమైంది.

పద్నాలుగు పెట్టెలూ కిటికీ వెలుతురులోకి లాక్కొచ్చారు. రివెట్లావిడా మరో ఇద్దరూ వరసగా కూర్చున్నారు. ఎర్రచీటీ వాళ్ల వెనకాల నిలబడి చెప్పింది. నొక్కడం కాదు, నొక్కి తిప్పాలి. బలం పెట్టొద్దు, బలం పెడితే నీ చెయ్యే వణుకుతుంది. అనుమానం వస్తే మళ్లీ చూడు, మళ్లీ అనుమానం వస్తే చెడ్డదే. ఎవరైనా 'వణికింది' అన్నప్పుడల్లా తనే చీటీ రాసింది. దారం ముడిపడక జారిపోతుంటే కొస పళ్లతో పట్టుకుని బిగించింది. వెలుతురు ఎర్రబారేసరికి ముప్పై ఒక్క చీటీలయ్యాయి. ఒక్కో చీటీకీ ఒక చెయ్యి కళ్ల ముందు మెదిలింది. చెప్పులు కుట్టేవాడి చెయ్యి, తోటమాలి చెయ్యి, వంటగదిలో డబ్బా మూత తీసే ఏ తల్లిదో చెయ్యి. ముప్పై ఒకటి దగ్గర పెట్టెలు అయిపోయాయి. ముందే వెళ్లిపోయినవెన్నో ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఆమె లోపల రాయిలా పడి ఉంది. ఇక ముందూ ఉంటుంది.

"ప్యాకింగులో కూర్చోండక్కా. సార్‌తో మాట్లాడాను," అన్నాడు సూపర్‌వైజరు.

"అక్కడ కూర్చుంటే నా చూపంతా ఇక్కడే ఉంటుంది నాయనా. వీళ్లని పని చేసుకోనివ్వను." నవ్వడానికి ప్రయత్నించింది. ముద్రను అతని చేతిలో పెట్టి, "ఈ నంబరు ఇంకెవరికీ ఇవ్వకు. తిరిగొచ్చేవి ఇంకా ఉంటాయి. ఎవరివో తెలియాలి," అంది.

రివెట్లావిడ గేటు దాకా వచ్చింది. ఎర్రచీటీ కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలు నిమిరింది. "తెలుస్తోందా అక్కా?"

"వేడి తెలుస్తోంది," అందామె.

ఇంటికి వెళ్లేసరికి భర్త గుమ్మంలో కూర్చుని గుండీలకు కాజాలు కుడుతున్నాడు. ఆమె చెప్పిందంతా సూది ఆపకుండా విన్నాడు. అయిపోయాక సూది గుడ్డకు గుచ్చి, పక్కకు జరిగి చోటిచ్చాడు. "రేపు పొద్దున్నే ఇద్దరం డాక్టరు దగ్గరికి పోదాం," అన్నాడు. ఆమె తలూపి, పక్కన కూర్చుని, వీధి వైపు చూస్తూ చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు ఆ బల్ల దగ్గర రివెట్లావిడను కూర్చోమన్నారు. దీపం వెలిగించి పీట దగ్గరికి లాక్కుంటూ ఆవిడ తలెత్తి చూసింది. వెనక గోడకు మేకు మీద ఎర్రచీటీ వదిలెళ్లిన నీలం పనికోటు వేలాడుతోంది. కుడి మోచేతి దగ్గర చిరిగినచోట ఆమె భర్త ఎప్పుడో వేలెడంత అతుకు వేశాడు. గుడ్డ రంగు ఇట్టే కలిసిపోయిందిగానీ దారం ఒక్క వన్నె ముదురు, కుట్లు మాత్రం బియ్యపుగింజల్లా ఒక్క తీరున ఉన్నాయి.