ఇరవై రూపాయల హక్కు

గౌరీశ్వరికి కోపం లెక్క తేలాకే వచ్చింది. అంతవరకూ మరిది త్రినాథరావంటే ఆమెకు కృతజ్ఞతే.

రాయగడ రైల్వే క్వార్టర్లలో గార్డు సూర్యం రెండు రోజుల నాటి కలకత్తా పేపరు పరిచి కూర్చున్నాడు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో డ్యూటీ దిగి, వారానికి రెండుసార్లు ఆయన దగ్గర షేర్ల ధరలు చదవడం నేర్చుకుంటోంది ఆమె. ఆ ఫ్యాక్టరీలోనే ఫిట్టరుగా చేసి పోయిన భర్త ఆమెకు మిగిల్చినవి ఆ కంపెనీవే వంద షేర్లు.

"మళ్లీ సెప్పు బాబాయ్."

"పాత షేరు బజార్లో నలభయ్యారు. పాతవి రెండుంటే కొత్తదొకటి పదహారుకిస్తన్నారు. రెండు నలభయ్యార్లూ ఒక పదహారూ కలుపు."

"నూటెనిమిది."

"మూడు షేర్లకి పంచు."

"ముప్పయ్యారు."

"కొత్తవి వచ్చేక ధర అక్కడికి దిగుతాది. ముప్పయ్యారు సరుకు పదహారుకిచ్చే కాయితం విలువేటి?"

"ఇరవై." ఆమె పెన్సిలు పక్కన పెట్టింది. "మా మరిది నాకు రెండిచ్చేడు."

ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా త్రినాథరావు. కిందటి వారం ఫారం పట్టుకొచ్చి, "ఎనిమిదొందలు కట్టి కొత్త షేర్లు కొంటావేటొదినా? ఆ హక్కు నాకు రాసియ్యి," అన్నాడు. అతను వేలు పెట్టిన చోట సంతకం చేసింది. యాభై కొత్త షేర్ల హక్కుకి చేతిలో వంద పెట్టాడు. కొనేవాడి పేరు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశాడు. కాలనీలో షేర్లున్న ముప్పయ్యేడు మందీ అలాగే చేశారు.

"ఎల్లుండి నాలుగ్గంటలకి గడువు. తరవాత ఆ కాయితం పకోడీలు కట్టుకోడానికే," అన్నాడు సూర్యం. "మీ మరిది ఇశాపట్నం పాసింజరుకి సంచీతో వచ్చేడు, అక్కడ బ్రోకరుకి అమ్మడానికే కావాల. అరగంటలో బండి."

ఆమె చెప్పులు కూడా తొడుక్కోలేదు.

త్రినాథరావు కిటికీ పక్కన, ఒళ్లో రెక్సిన్ సంచితో కూర్చున్నాడు. ఎదుటి బల్ల మీద బాయిలరు పనివాడు అసిరయ్య బీడీ కాలుస్తున్నాడు. గౌరీశ్వరి బోగీలోకెక్కి వంద నోటు మరిది ఒళ్లో పడేసింది.

"నా కాయితం ఇయ్యి."

"అమ్మేసేవు కదొదినా. సంతలో అమ్మిన సరుకు ఎనక్కి ఇస్తారేటి?"

"ఆవుని మేకని సెప్పి కొంటే సంతలో ఏటి సేస్తారో తెల్దా నీకు?"

అసిరయ్య బీడీ ఆర్పాడు. "ఏటమ్మి గొడవ?"

"నీకెన్ని షేర్లు మావా?"

"అరవై."

"ఈడెంతిచ్చేడు?"

"అరవై రూపాయలు."

"ఆరొందల సరుకది."

అసిరయ్య సంచి పట్టీ పట్టుకున్నాడు. త్రినాథరావు రెండు చేతులతో సంచిని వాటేసుకున్నాడు.

"అన్నయ్య పోయేక నిన్ను సూసిందెవరు? ఉద్యోగం ఏయించిందెవరు?"

"నువ్వే. అందుకే నాలుగేళ్లబట్టీ నువ్వు వేలెట్టిన కాడల్లా సంతకం ఎట్టేను." ఆమె గొంతు పెంచలేదు. అయినా బోగీలో చివరి బల్ల దాకా వినిపించింది. "అన్నాళ్లూ సంతకం ఎట్టించిన మిగతా కాయితాలేటో అయ్యీ తీయి. అయ్యీ లెక్కేద్దాం."

"పోలీసులకి సెప్తాను."

"సెప్పు. గుమాస్తాగాడి సంచిలో, కొనేవోడి పేరు లేని ముప్పయ్యేడు సంతకాలు ఎందుకున్నయ్యో కూడా సెప్పు."

అసిరయ్య ఒక్క గుంజు గుంజాడు. పట్టీ తెగింది. సంచి గౌరీశ్వరి చేతుల్లోకొచ్చి పడింది. ఈల వేశారు, బండి కదిలింది.

ఫారాలన్నీ తీసి చూసింది. గంగయ్య, బంగారమ్మ, లక్ష్మణుడు... కొందరివి వేలిముద్రలు. తన కాయితం కనబడింది. అది తీసుకుని దిగిపోవచ్చు. బండి ఇంకా ప్లాట్‌ఫారం దాటలేదు. కానీ దిగితే తక్కిన ముప్పయ్యారూ వీడికే. సంచంతా పట్టుకు దిగితే, ఎల్లుండిలోగా బ్రోకరుకి అమ్మేదెవరు?

కాగితాలు మళ్లీ సంచిలో పెట్టి, సంచి చంకలో బిగించి కూర్చుంది.

"దిగిపో వొదినా. టిక్కెట్టు లేదు నీకు."

"నువ్వు తీస్తావు. మా ఫారాల మీద తినబోయినందుకు జరిమానా అది." ఆమె అతని కళ్లలోకి చూసింది. "రేపు పొద్దున బ్రోకరు ముందు నువ్వు నోరెత్తకు. ధర నేను సెప్తాను. ఎంతొస్తే అంత ఎవులిది ఆలకే. నువ్విచ్చిన రెండేసీ తీసేసుకో."

"నీకు బేరం రాదు."

"ఇరవై దాకా ఎక్కాలొచ్చు," అంది గౌరీశ్వరి.

అసిరయ్య లేచి, తలుపుకీ త్రినాథరావుకీ మధ్య కూర్చున్నాడు.