మైనం కడగని గోపురం

నేను ఒక గోపురాన్ని. అనగానే చేతులు జోడించకండి. గుడి మీది గోపురాన్ని కాను, వైకుంఠ రథం నెత్తిన బోల్టులతో బిగించిన ఫైబర్ గోపురాన్ని. శవాలను శ్మశానానికి చేర్చే బండికి మీవాళ్ళు పెట్టుకున్న పేరు అది. బతికుండగా ఆటో ఎక్కించడానికి కూడా వెనకాడినవాళ్ళు పోయాక రథమే ఎక్కిస్తారు.

నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో. లోపలి గోడలకు మైనం రాసిన అచ్చులో గాజునార పరిచి, జిగురు పోసి నన్ను చేశారు. అచ్చు నుంచి తేలిగ్గా ఊడిరావాలని ఆ మైనం. ఊడివచ్చాను గానీ, కొంత మైనం నా ఒంటిమీదే ఉండిపోయింది. నా కిందికి వచ్చిన బండి పాత ఇనుము. ఏళ్ళ తరబడి పాలక్యాన్లు మోసి తలుపుల అంచులు తుప్పు తిని ఉన్నాయి.

మా ఇద్దరికీ రంగు వెయ్యడానికి పోలేరయ్య మేస్త్రి వచ్చాడు. పెళ్ళికార్లకు అద్దంలా రంగు తీస్తాడని అతనికి పేరు. నా ఒంటిమీద వేలితో గీసి, ఆ వేలిని బొటనవేలితో రుద్ది చూసుకున్నాడు. మైనం సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

"రెండు డబ్బాలు కావాలండి. ఇనుముకి తుప్పు ఆపాల, దీనికి జారుడు ఆపాల. తుప్పంతా గీకి దానికో అడుగుపూత ప్రైమర్, మైనం కడిగి ఎమరీ కాగితంతో గరుకు పట్టి దీనికో ప్రైమర్. నాలుగు రోజులు పట్టుద్ది," అన్నాడు.

బండి చేయిస్తున్న సేవాసమితి కార్యదర్శి వీరాంజనేయులు తల అడ్డంగా ఊపాడు. "ఎల్లుండే ప్రారంభం. కార్డులు పంచేశాం. రెండింటికీ ఆ ఇనుముకేసే రెడ్ ఆక్సైడే కొట్టి పైన తెలుపు లాగించెయ్. చచ్చినోళ్ళు రంగు చూస్తారా ఏంది మేస్త్రీ?"

పోలేరయ్య నవ్వాడు. ఆ నవ్వులోనే ఒప్పేసుకున్నాడు.

మధ్యాహ్నం అతని భార్య నాంచారమ్మ క్యారేజీ తెచ్చింది. మైనం కడగకుండానే నామీద ఎర్రరంగు కొడుతున్న మొగుణ్ణి కాసేపు చూసింది. "కార్లకి రోజంతా రుద్దుతావు గదయ్యా. రేపు మనమూ ఎక్కే బండేగా. సరిగా వెయ్యి," అంది. అతను మూతికి కట్టుకున్న గుడ్డ తియ్యకుండానే తలూపాడు. తలూపాడు, అంతే.

ప్రారంభం రోజున పాలమీగడలా మెరిశాను. అందరూ పోలేరయ్యను మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి నా తెలుపు బుడగలు కట్టింది. కింద ఇనుము ఎర్రటి నీళ్ళు కార్చింది. ఎక్కేవాళ్ళెవరూ నోరెత్తలేదు. వీరాంజనేయులు లెక్క తప్పలేదు మరి.

మూడో ఏడు శ్రావణంలో నాంచారమ్మ పచ్చకామెర్లతో పోయింది. నా కిందే పడుకోబెట్టారు. శ్మశానం గేటు దగ్గర ఆమెను దించుతుంటే గాలి విసిరింది. నా చూరు నుంచి అరచేయంత పెచ్చు ఊడి ఆమె ముఖం మీద, పసుపు బొట్టు మీద పడింది. నాకు నోరుంటే ఏడ్చేదాన్ని.

పోలేరయ్య దాన్ని మెల్లగా తీశాడు. తిరగేసి చూశాడు. వెనక ఎర్రరంగు నున్నగా ఉంది, ఒక్క గీత లేదు. ఎమరీ తగలని రంగును అతనికి వేరే ఎవరూ చూపించక్కర్లేదు.

"ఇదేందయ్యా, కాస్త మంచి రంగు వేసి చావరా?" అని మోసేవాళ్ళలో ఒకరు విసుక్కున్నారు.

"నేనే వేశా," అన్నాడు పోలేరయ్య. పెచ్చును చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మరుసటి ఏడు బండిని తుక్కుకు వేశారు. ఇనుము తూకానికి పోయింది. ఫైబర్‌ను ఎవరూ కొనరు, అందుకని నన్ను విప్పి శ్మశానం ప్రహరీ పక్కన బోర్లించారు.

ఒక ఉదయం పోలేరయ్య వచ్చాడు. సబ్బునీళ్ళతో, ఆపైన థిన్నర్‌తో నా ఒళ్ళు కడిగాడు. మెరుపు చచ్చేదాకా ఎమరీ పట్టాడు. నాకు పట్టే ప్రైమర్ తెచ్చి రెండు పూతలు వేశాడు. సరిగ్గా నాలుగు రోజులు పట్టింది. అయిదోనాడు వచ్చి బొటనవేలి గోటితో గట్టిగా గీకాడు.

ఊడలేదు. మళ్ళీ గీకాడు. గోరు విరిగింది గానీ రంగు ఊడలేదు. అప్పుడు నా పక్కన కూలబడి ఏడ్చాడు.