గుర్రప్పందేల మీద నెల్సన్ సాక్ష్యం

కొల్లేటి ఒడ్డున చేపల చెరువు గట్టు మీద మేత బస్తాలు దింపిస్తున్న నెల్సన్‌ను వెతుక్కుంటూ తాడేపల్లిగూడెం నుంచి దుర్గేష్ అనే కంపెనీ ఆఫీసరు కారులో వచ్చాడు.

నెల్సన్ ఇరవై ఏళ్ళకు పైగా హైదరాబాదులో పందెపు గుర్రాలను చూసుకున్నాడు. తోమడం, కడగడం, మేత పెట్టడం, పొద్దున్నే నడిపించడం అతని పని. ఒక గుర్రం తన్ని మోకాలు విరిగాక సొంత ఊరికి వచ్చి చెరువుల కాపలాలో కుదిరాడు.

"కామవరపుకోట మెట్టలో మా కంపెనీ రేస్ కోర్సు పెడదామనుకుంటోందండి. రాష్ట్రానికి పన్నొస్తుంది, మనవాళ్ళకి పనులొస్తాయి. ఆదివారం గూడెం కల్యాణ మండపంలో మీటింగండి. మీరేం అబద్ధమాడక్కర్లేదు. గుర్రాల వల్ల మీకేం మేలు జరిగిందో అది చెప్పండి చాలు" అన్నాడు దుర్గేష్.

అందులో నెల్సన్‌కు కష్టమేమీ కనబడలేదు. ఆ జీతంతోనే ఇంటికి స్లాబు వేయించాడు. తల్లికి కళ్ళ ఆపరేషన్ చేయించాడు. సరేనన్నాడు.

మర్నాడు మోకాలి మందుల కోసం ఏలూరు వెళ్ళి, చెల్లెలు ఎలిజబెత్ ఇంట్లో దిగాక గానీ అతనికి భయం పట్టుకోలేదు. ఎలిజబెత్ భర్త యేసుదాసు ఇదే గుర్రప్పందేలు ఫోన్లో కాసి సొంత ఆటో పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఇంకొకరి ఆటో అద్దెకు నడుపుతున్నాడు. రేస్ కోర్సు మాట ఎత్తితే చెల్లెలు ఏమంటుందో!

విషయం చెప్పగానే ఎలిజబెత్ చేతిలో పని వదిలి దగ్గరకొచ్చి కూర్చుంది.

"వెళ్ళన్నయ్యా. బాగా చెప్పు. మన బిందు పశువుల డిప్లొమా చేసి ఖాళీగానే ఉంది కదా. ఆ కంపెనీవాళ్ళకి గుర్రాల దగ్గర మనుషులు కావాలంట. అప్లికేషన్ పెట్టింది."

"మీ ఆయన సంగతి మర్చిపోయావా?"

"ఎలా మర్చిపోతాను? ఆ గుర్రాలు మా దగ్గర్నుంచి తీసుకున్నాయి. బిందుకైనా ఏదో ఒకటి ఇవ్వనీ."

భోజనమయ్యాక యేసుదాసు నెల్సన్‌ను బస్టాండులో దింపడానికి బయల్దేరాడు. కాలవ వంతెన దాటాక ఆటో పక్కకు తీసి ఇంజను ఆపేశాడు.

"బావగారూ, ఆ రేస్ కోర్సుని రానివ్వకండి."

"అదేంటి? బిందుకి ఉద్యోగమొస్తుందని మీ ఆవిడ అంటోంది."

"దానికి రావాలనే నాకూ ఉందండి. కానీ ఎక్కడో ఉన్న గుర్రాల మీదే నేనంత పోగొట్టాను. కిరాయికి వెళ్ళే దూరంలో ఉంటే ఆగలేనండి. నా సంగతి నాకు తెలుసు."

ఇలా చెప్పినందుకు సిగ్గుపడ్డాడో ఏమో, వెంటనే ఆటో స్టార్ట్ చేసి బస్టాండుకు పోనిచ్చాడు.

ఆదివారం మండపం నిండింది. కంపెనీ తరఫున ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ ప్రభుత్వానికి వచ్చే పన్ను, గడ్డి పెంచే రైతులు, లాడాలు కొట్టేవాళ్ళు, హోటళ్ళు, లారీలు అన్నీ వివరించాడు. నెల్సన్ తలూపుతూ విన్నాడు. అందులో అబద్ధం లేదు. అవన్నీ అతను కళ్ళారా చూసినవే.

"ఆ పన్ను ఎక్కడ్నుంచొస్తుందండీ?" అని ముందు వరసలోంచి వరి రైతు తాతాజీ అడిగాడు.

"పందెం కాసే డబ్బులోంచే వస్తుందండి. బలవంతమేం లేదు, ఇష్టమున్నవాళ్ళే కాస్తారు."

అప్పుడే నెల్సన్‌ను పిలిచారు. మైకు పట్టుకున్నాక అతనికి ముందుగా అనుకున్న మాటలేవీ గుర్తు రాలేదు.

"నేను గుర్రాల వల్లే బతికానండి. మా అమ్మకి చూపొచ్చింది గుర్రాల జీతంతోనే. మా ఇంట్లోనే ఇంకొకాయన వాటి వల్ల బతుకుతెరువు పోగొట్టుకున్నాడండి. నా జీతం వేరు, ఆయన పోగొట్టింది వేరు అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఈయన చెప్పింది వింటుంటే రెండూ ఒకే డబ్బేమో అనిపిస్తోందండి. అలాగని నేను తిన్న అన్నం తప్పని అనలేను."

"ఇంతకీ రమ్మంటారా, వద్దంటారా?" అన్నాడు తాతాజీ.

నెల్సన్ మైకు తిరిగి ఇచ్చేస్తూ అన్నాడు:

"తెలీదండి."

కొందరు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో అతనికి అర్థం కాలేదు. బయటికొచ్చాక ఒకాయన "భలే వ్యతిరేకించారు" అన్నాడు. ఇంకొకాయన "కంపెనీకి మంచి మాట సాయం చేశారండీ" అన్నాడు. దుర్గేష్ మాత్రం మొహం చూపించకుండా వెళ్ళిపోయాడు. తన వల్ల మేనకోడలికి రావలసిన ఉద్యోగం పోయిందనుకుని నెల్సన్ దిగులు పడ్డాడు.

అలా జరగలేదు. రేస్ కోర్సు సంగతి భూముల బేరం దగ్గర ఆగిపోయింది. బిందుకు మాత్రం బెంగుళూరు దగ్గర అదే కంపెనీ నడిపే గుర్రాల శిక్షణ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఎలిజబెత్ చర్చిలో కృతజ్ఞత ప్రార్థన పెట్టించింది. యేసుదాసు కూతుర్ని రైలెక్కించి, రైలు కనుమరుగయ్యే దాకా ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు.

క్రిస్మస్ ముందు ఒక ఆదివారం నెల్సన్ చెల్లెలింట్లో ఉండగా బిందు ఫోన్ చేసింది.

"మావయ్యా, ఒక గుర్రం వెనక కాలు ముట్టుకోనివ్వట్లేదు. ఎలాగ?"

"వెనక నుంచి వెళ్ళకమ్మా. భుజం దగ్గర చెయ్యి వేసి, మాట్లాడతా, మెల్లిగా కిందకి రా. చెయ్యి తియ్యకు."

"పరిగెడితే మాత్రం దీన్ని పట్టుకోలేం మావయ్యా! వచ్చే నెల దీనికి మొదటి రేసు." ఆ పిల్ల గొంతులో గర్వం నెల్సన్‌కు ఎంతో ముద్దుగా వినిపించింది.

ఫోన్ పెట్టేశాక, పక్కనే కూర్చుని అంతా విన్న యేసుదాసు గొంతు తగ్గించి అడిగాడు:

"ఆ గుర్రం పేరేంటండీ, బావగారూ?"

కూతురు చేసే పని మీద తండ్రికి ఉన్న ముచ్చటా? లేక మరొకటా? నెల్సన్ అతని మొహంలోకి చూశాడు. మొహంలో రెండూ ఉన్నట్టే ఉన్నాయి. వంటింట్లోంచి ఎలిజబెత్ కూడా గిన్నెల చప్పుడు ఆపి, అన్నయ్య ఏం చెప్తాడా అని వింటోంది.

"అడగలేదు" అన్నాడు నెల్సన్.