డాక్టరుగారి కొత్త తొట్టె

ఆసుపత్రిలో జీవితమంతా గడిపింది కాబట్టి ఆవిడని అందరూ నర్సక్క అనేవారు. భర్త పోయాక చెల్లెలి ఇంటికి చేరింది. వెంట తెచ్చుకున్నవి ఒక పెట్టె, గాజు గిన్నెలో ఒక ముసలి బంగారు చేప. ఆవిడ మాటలు వినేది ఆ చేపొక్కటే. ఆ ఇంట్లో ఆవిడని పల్లెత్తు మాట అన్నవాళ్ళు లేరు, పలకరించినవాళ్ళూ లేరు. అలాంటిది ఒకరోజు పళ్ళ డాక్టరైన మరిది తనంతట తానే వచ్చాడు.

"వదినా, క్లినిక్కు ముందుగదిలో పెద్ద అక్వేరియం పెట్టించాను. పాపం మీ చేప ఆ ఇరుకులో ఎన్నాళ్ళుంటుంది? ఇందులో వేద్దాం."

నర్సక్కకి కళ్ళు చెమ్మగిల్లాయి.

వారం తిరక్కుండానే చేప పైకొచ్చి, నోరు తెరుచుకుని ఆయాసపడసాగింది. రెక్కల అంచులు ఎర్రబడ్డాయి.

"బాబూ, దీనికి ఊపిరాడట్లేదు. తీసేస్తాను."

"కొత్తిల్లు కదా వదినా, అలవాటు పడాలి," అంటూ మరిది చిన్న గాజు గొట్టంలో తొట్టె నీళ్ళు పట్టి, మందుచుక్కలు వేసి, తేలిన రంగు చూసి మురిసిపోయాడు. "బ్రహ్మాండం! దారిలో పడుతోంది."

చేప చచ్చిపోయింది. దాన్ని తీద్దామని నర్సక్క వల పట్టుకుని వెళ్ళేసరికి, లోపలి గదిలో మరిది చేపల దుకాణంవాడితో ఫోన్లో నవ్వుతున్నాడు.

"ఖరీదైనవాటిని ముందే వేసి చంపుకుంటామా? మా వదినగారి ముసలి చేపని వదిలాను. దాని మలినంతోనే సూక్ష్మజీవులు పెరిగి, కొత్తవాటికి నీళ్ళు తయారవుతున్నాయి. ఇప్పుడే తీయనులే, కుళ్ళనీ. కుళ్ళితే ఇంకా మంచిదన్నావుగా!"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి చెల్లెల్ని అడిగింది. "నీకు తెలుసా?"

చెల్లెలు తలెత్తలేదు. "తెలుసులే అక్కా. ఎలాగూ ముసలిదైపోయింది. ఎవరికో ఒకరికి ఉపయోగపడింది, సంతోషించు."

నర్సక్క వలని తీసిన చోటే పెట్టేసింది.

ఆ తర్వాత కొత్త చేపలొచ్చాయి. నీలివి, వెండివి, విసనకర్రల్లాంటి తోకలవి. భార్యాభర్తలు ఊరెళుతూ తొట్టెని ఆవిడకే అప్పగించారు.

"మేత వేయండి చాలు వదినా. ఆ వడపోత స్పాంజి మాత్రం ముట్టుకోకండి. చేపల మలినంతో నీళ్ళలో చేరే విషాన్ని తినేసే సూక్ష్మజీవులు దాన్నిండా ఉంటాయి. క్లోరిన్ తగిలిందా, అన్నీ చస్తాయి. వాటి వెనకే చేపలూను."

వాళ్ళ కారు వీధి మలుపు తిరగ్గానే నర్సక్క స్పాంజి తీసింది. బ్లీచింగులో నానబెట్టి, కుళాయి కింద పిండి పిండి కడిగి, తిరిగి దాని చోట్లో పెట్టేసింది. ఆపైన మేత గుప్పెళ్ళకొద్దీ చల్లింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి నీళ్ళు పాలలా మారాయి. సగం చేపలు చచ్చి తేలాయి, మిగతావి పైన నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"స్పాంజి ముట్టుకున్నారా?" మరిది గొంతు చించుకున్నాడు.

"కడిగాను."

"వద్దని చెప్పాను కదా!"

"చెప్పావు కాబట్టే కడిగాను, బాబూ."

డాక్టరు వల ముంచబోయాడు. నర్సక్కే అందుకుని, ఒక్కొక్క చేపనీ తీసి బకెట్లో వేసింది. కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. జాలి కలుగుతుందేమోనని కాసేపు నిలబడి చూసింది. కలగలేదు. గోడవారగా నిలబడి చెల్లెలు ఏడుస్తోంది.

నర్సక్క చేతులు కడుక్కుని భోజనానికి కూర్చుంది. చాన్నాళ్ళ తర్వాత ఆ పూట రెండోసారి వడ్డించుకుంది.