నిద్రపోవాల్సిన కణాలు

నాకు ముక్కు మీద కోపమని మా ల్యాబ్‌లో అందరూ అంటారు. అననివ్వండి. ఇరవై ఆరేళ్లుగా సూక్ష్మదర్శిని మీద మెడ వంచి కణాల గుంపులు లెక్కపెడుతున్న మనిషికి ఆ మాత్రం కోపం లేకపోతే ఎలా?

నా పని చెప్పడానికి తేలికే. ఎముకల లోపలి మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాలుంటాయి. వాటిని తీసి, చిక్కటి జెల్లీలో కలిపి, చిన్న చిన్న పళ్లేల్లో పోసి, వెచ్చటి పెట్టెలో పద్నాలుగు రోజులు ఉంచుతాం. సత్తా ఉన్న ఒక్కో కణం పెరిగి ఒక్కో గుంపవుతుంది. అందులో యాభై కణాలుంటేనే గుంపు కింద లెక్క. నలభై ఉంటే వదిలెయ్యాలి. పళ్లెం మీద పేరుండదు, నంబరే ఉంటుంది. పొరపాటున అది ఎవరిదో తెలిసిపోతే ట్రే కింద పెట్టి, ఆ మాట పైవాళ్లకి చెప్పి లేచిపోవాలి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఈ నియమం నేర్పింది నేనే.

మా దగ్గరికి వచ్చేదంతా అంతరిక్షంలో ఉండి వచ్చినవాళ్ల మూలుగ. నేల మీద మన దాకా రాని కిరణాలు అక్కడ ఎముక లోపలికి దూసుకుపోతాయి. మూలకణాలు మామూలుగా చాలాకాలం నిద్రలో ఉంటాయి. వంతు వచ్చినప్పుడు లేచి పని చేసి మళ్లీ పడుకుంటాయి. అక్కడ వాటికి నిద్ర ఉండదు. పని చేసి చేసి డీలా పడిపోతాయి. అలాంటివాళ్ల పళ్లేల్లో గుంపులు తక్కువగా వస్తాయి.

మా చెల్లి ఎనిమిది నెలలు అంతరిక్షంలో ఉండి వచ్చింది. వచ్చి ఏడాది తిరగకుండానే ఇంకా దూరం, రెండేళ్ల ప్రయాణానికి ఎంపికైంది. అయితే ఒక షరతు. పళ్లేనికి సగటున అరవై గుంపులు రావాలి. తగ్గితే పేరు తీసేస్తారు.

అది వెళ్లడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. కడుపులో దాచుకునే అలవాటు లేదు కాబట్టి భోజనాల దగ్గరే అడిగేశాను.

"ఒకసారి వెళ్లొచ్చావు కదా. ఇంకెవరూ లేరా వాళ్లకి?"

"ఉన్నారు. కానీ నన్ను ఎంచుకున్నారు."

"రెండేళ్లు నేనెవరితో పోట్లాడాలి?"

"ల్యాబ్‌లో అంతమంది ఉన్నారుగా, వాళ్లేం పాపం చేశారు? కంచంలోది తిను అక్కా, చల్లారిపోతోంది."

దాని ధోరణే అంత. వెళ్తున్నా అంటుంది కానీ, వెళ్లనా అని అడగదు. నాకు ఒళ్లు మండి సగంలోనే లేచిపోయాను.

తర్వాతి వారం తుంటి ఎముక నుంచి మూలుగ తీయించుకుని, కుంటుకుంటూ ఇంటికొచ్చింది. రెండు రోజులు ఐసు ముక్కలు గుడ్డలో కట్టి అద్దింది నేనే. పద్నాలుగు రోజులు గడిచాక నా బల్ల మీదికి ఆరు పళ్లేల ట్రే వచ్చింది. మూత మీద తేదీ చూశాను. ఆ రోజు మూలుగ ఇచ్చింది ఒక్కరే.

లేచిపోవాల్సిన క్షణం అదే. లేవలేదు. మా చెల్లి రక్తం పుట్టే చోటు కళ్ల ముందుకొస్తే ఇంకొకరి చేతిలో పెట్టబుద్ధి కాలేదు. పైగా, ఇన్నేళ్లలో నా కళ్ల మీద తప్ప ఇంకెవరి కళ్ల మీదా నాకు నమ్మకం లేదు. అంత పొగరు నాది.

లెక్క మొదలుపెట్టగానే భయం పట్టుకుంది. ఇది వెళ్లకూడదని కోరుకుంటున్నదాన్ని, నా చెయ్యి తెలియకుండానే లెక్క మీట తక్కువసార్లు నొక్కితే? దాని నోటి దగ్గర కూడు లాక్కున్నట్టవుతుంది. అందుకని, యాభై ఉన్నాయా లేవా అని అనుమానం వచ్చిన ప్రతి గుంపుకీ మీట నొక్కాను. అది న్యాయం అనుకున్నాను. సగటు అరవై ఆరు వచ్చింది. కాగితం మీద రాసిచ్చి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఇక అది వెళ్లిపోతుందన్న దిగులు ఒకవైపు, నేను మోసం చెయ్యలేదన్న గర్వం ఒకవైపు.

మా దగ్గర ప్రతి ట్రేనీ ఇద్దరు లెక్కపెడతారు. రెండో ఆయన్ని మౌనిగారు అంటాం. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన లెక్క యాభై ఒకటి.

అంత తేడా వస్తే ఇద్దరం కలిసి చూడాలి. ఒకే పళ్లేన్ని ఇద్దరు చూసే సూక్ష్మదర్శిని దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. మా పెద్ద డాక్టరమ్మ వెనక నిలబడింది. మౌనిగారు లోపల కనబడే చూపుడు ముల్లు ఒక గుంపు మీద పెట్టి, "ఇది?" అన్నారు.

లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.

"ఇది?"

నలభై నాలుగు. మూడో దానికి లెక్కపెట్టాల్సిన పనే లేకపోయింది. చూస్తేనే తెలుస్తోంది. అలాంటి వాటిని గుంపులన్నందుకు ఎంతమందిని నిలబెట్టి కడిగేశానో నాకు తెలుసు. తల కొట్టేసినట్టయింది.

"ఈ లెక్క కొట్టెయ్యండి డాక్టరమ్మా. ఇవి మా చెల్లివని నాకు తెలుసు. తెలిసీ కూర్చున్నా," అన్నాను.

డాక్టరమ్మ నాకన్నా పదేళ్లు చిన్నది, ఎప్పుడూ గొంతు పెంచదు. "మీరు కూడానా?" అని మాత్రం అంది. నాలుగు తిట్టినా బాగుండేది. ఇక మీదట మా చెల్లి ట్రేలు నేను ముట్టుకోకూడదని రాసి, నాచేత సంతకం పెట్టించుకుంది. తర్వాత నా కుర్చీలో కూర్చుని చాలాసేపు చూసింది.

"నలభైల్లో ఆగిపోయినవి ఎన్ని ఉన్నాయో చూశారా? ఇవి చచ్చిన కణాలు కావు. అలిసిపోయినవి. విశ్రాంతి దొరికితే మళ్లీ నిద్రలోకి వెళ్తాయేమో. తప్పకుండా అని చెప్పలేను. ఏడు నెలలు ఆగి ఇంకోసారి చూద్దామని ఎంపిక బోర్డుని అడుగుతాను."

ఆ సాయంత్రం వంటగదిలో చెల్లికి అంతా చెప్పేశాను. అది తాగబోతున్న టీ కప్పు కింద పెట్టింది.

"నువ్వు తగ్గిస్తావనుకున్నా అక్కా. రెండు వారాల నుంచి కంటి మీద కునుకు లేదు నాకు."

"నా మీద అంత నమ్మకమా నీకు?"

"నీకు నీ మీద ఉందా? ఉంటే పెంచేదానివి కాదుగా."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అదీ మెల్లగా ఎదురు కుర్చీలో కూర్చుంది.

"అరవై ఆరు అని నువ్వన్నదే నిలబడి ఉంటే నేను వెళ్లిపోయేదాన్ని. సగం దారిలో రక్తం పుట్టడం ఆగిపోతే అక్కడ చూసే దిక్కు లేదు."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. న్యాయం అనుకుంటూ దాన్ని నా చేత్తోనే చావుకి పంపబోయాను. అది లేచి వచ్చి నా తల పొట్టకి ఆనించుకుంది. "ఊరుకో, నువ్వే ఒప్పుకున్నావు కదా," అంది. చిన్నది నన్ను ఓదార్చడమేమిటని ఇంకా ఏడ్చాను.

బోర్డు ఒప్పుకుంది. ఏడు నెలలూ రాత్రి శిక్షణలు వద్దు, విమానం తోలకూడదు, వేళకి నిద్రపోవాలి అన్నారు. కాలు ఒకచోట నిలవని మనిషికి అంతకన్నా శిక్ష లేదు. మొదటి వారంలోనే బట్టలుతికే మిషను విప్పి వసారా అంతా పరిచింది. తిరిగి బిగించాక రెండు మరలు మిగిలాయి. రాకెట్లు నడిపేదానికి మిషను రాలేదేమని ఏడిపిస్తే మూడు రోజులు మాట్లాడలేదు.

నాలుగో రోజు తనే వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, నాకు లెక్కపెట్టడం నేర్పవా?"

"ఎందుకు?"

"ఈ కణాల్ని నిద్రపుచ్చే మందొకటి అంతరిక్షంలో మాకే వేసి చూడబోతున్నాం. వెళ్లే మా నలుగురి మూలుగనీ దారిలోనే తీసి పెంచాలి. ఆ పళ్లేలు లెక్కపెట్టేది నేనే. మందు పనిచేస్తే తర్వాత వెళ్లేవాళ్లు ఇలా అలిసిపోరు."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా."

"నువ్వు భోజనం మధ్యలో లేచిపోతే ఎప్పుడు చెప్పను?"

పారేయబోయే పాత పళ్లేలు డాక్టరమ్మని అడిగి తీసుకుని, ఆదివారాలు ల్యాబ్‌లోనే నేర్పాను. చేత్తో నేర్పుతూ, మనసులో వద్దనుకుంటూనే ఉన్నాను. మొదట్లో ఏ నలుసు కనబడినా గుంపనేది. తిట్టాను, మళ్లీ చూపించాను, మళ్లీ తిట్టాను. ఐదో నెలకి దాని లెక్కకీ నా లెక్కకీ ఒకటి రెండే తేడా వచ్చేది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో అంత త్వరగా పట్టుకున్నవాళ్లు లేరు. ఆ మాట దానికి చెప్పలేదు. మౌనిగారికి చెప్పాను, ఆయనైతే బయటపెట్టరని.

రెండోసారి లెక్క వచ్చే రోజున మేమిద్దరం నడవాలో బల్ల మీద కూర్చున్నాం. లోపల మౌనిగారు, వేరే ల్యాబ్ నుంచి వచ్చిన ఇంకొకామె. నేను మాత్రం తలుపు వైపు చూడకుండా ఎదురుగా గోడ మీది పెచ్చులు చూస్తూ కూర్చున్నాను. అరవై రాకూడదని కోరుకోవాలని ప్రయత్నించాను. చేతకాలేదు. ఆ కణాలు బాగుండాలి. అవి బాగుంటే అది వెళ్లిపోతుంది. అయినా అవి బాగుండాలి.

డాక్టరమ్మ తలుపు తీసింది.

"అరవై మూడు. రెండో లెక్క అరవై నాలుగు."

అంతే, చిన్నపిల్లలా గెంతుతుందనుకున్నాను. చెల్లి గెంతలేదు. డాక్టరమ్మ వైపు కూడా చూడలేదు. నా వైపు తిరిగి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, వెళ్లనా?"

కళ్లల్లో నీళ్లు ఆగలేదు. భయం ఎక్కడికీ పోలేదు, కానీ అంత సంతోషం నేనెన్నడూ ఎరగను.

"వెళ్లు," అన్నాను.