నీలం టైల్స్ గది

మూడో నిక్కరు ఉతికి పిండుతుండగా ఫోను మోగింది. తడి వేలు జారిపోయి, రెండోసారికి గానీ కాల్ కలవలేదు.

"సాయంత్రం నాలుగింటికి గుమ్మడికాయ కొడుతున్నారు. ఫ్యామిలీతో రమ్మని డైరెక్టర్ గారు మరీ మరీ చెప్పారు," అన్నాడు భర్త సూర్యనారాయణ. షూటింగ్ ఆఖరి రోజున దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొట్టడం ఫిల్మ్‌నగర్ ఆచారం. ఆ సినిమాకి ఆర్ట్ డైరెక్టర్ అతనే. "రామాన్ని అమ్మ దగ్గర వదిలేసి రా."

"అత్తయ్యగారు ఒక్కరూ చూసుకోలేనన్నారు."

"అయితే డైపర్ వేసి తీసుకురా. ఆ హాస్టల్ ఫారం మీద సంతకం కూడా పెట్టి పట్రా. ఇక్కణ్ణించి మనిషితో పంపించేస్తా."

హైమ నిక్కరు దులిపి తీగ మీద ఆరేసింది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వాసన చూసుకుంది. ఇది ఎప్పుడు అలవాటైందో తనకే తెలియదు. పెళ్లిళ్లలో బంతి చివర కూర్చోవడం, ఎవరైనా పలకరించబోతే ఒక అడుగు వెనక్కి వెయ్యడం, అన్నం కలిపే ముందు వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకోవడం. ఒళ్లంతా పోయి తనకు ముక్కొక్కటే మిగిలిందేమో అనిపించేది. కాదు, కళ్లు కూడా. రామం మడమలు నేల వదిలి, చూపు ఎక్కడో నిలిచిపోయి, హాలు కర్టెన్ వెనక్కి నడిచాడంటే ఎంతసేపట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు. వాడికి తొమ్మిదేళ్లు. ఆటిజం అని మూడో ఏటే చెప్పారు. మాటలు పదో పదిహేనో. ఆకలి చెప్పగలడు, కడుపులో వచ్చే ఆ ఒత్తిడి మాత్రం చెప్పలేడు. అది తన ఒంట్లోదేనని వాడికి తెలుస్తుందో లేదో కూడా ఎవరూ చెప్పలేకపోయారు.

"మీ మామగారి పేరు పెట్టుకున్నాం. ఈ వయసులో చెడ్డీ తడుపుకునేవాణ్ణి జానకిరామయ్యా అని నోరారా ఎలా పిలవమంటావే?" అంటుంది అత్తగారు శకుంతలమ్మ. అందుకే ఇంట్లో వాడు రామంగా మిగిలాడు.

ఒకప్పుడు హైమా, సూర్యనారాయణా బొమ్మల కాలేజీలో ఒకే క్లాసు. అతను సెట్లు వేస్తున్నాడు. ఆమె ఆఖరిసారి రంగులు కలిపింది బాత్రూమ్ కోసం. తెల్ల టైల్స్ మీద లైటు పడితే రామం కళ్లు మూసుకునేవాడు, అందుకని నీలం టైల్స్ వేయించింది. కమోడ్ మీద కూర్చుంటే పాదాలు గాలిలో వేలాడి పడిపోతానని వణికేవాడు, అందుకని పాదాల కింద చెక్క పీట. ఫ్లష్ చప్పుడుకి చెవులు మూసుకుని అరిచేవాడు, అందుకని పసుపు బకెట్, మగ్గు. గోడ మీద ఆరు బొమ్మలు. నిక్కరు దించడం నుంచి చేతులు కడుక్కోవడం దాకా వరస. ఐదో బొమ్మలో మగ్గుతో నీళ్లు పోస్తున్న చెయ్యి, ఆ చేతికి గాజులు. గాజులు గీసేటప్పుడు ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

రెండేళ్లు. కూర్చోబెడితే కూర్చునేవాడు. ఏమీ అయ్యేది కాదు. లేచి వెళ్లి కర్టెన్ వెనక కానిచ్చేవాడు. అయినా ఆమె రోజూ పక్కన కూర్చుని, "అయ్యాక అయ్యింది అని చెప్పాలి, నాన్నా" అంటూనే ఉంది. "దసరా దాకా చూద్దాం, అప్పటికీ రాకపోతే హాస్టల్లో వేసేద్దాం," అన్నాడు సూర్యనారాయణ. దసరా వెళ్లిపోయింది. ఊరవతల ఇలాంటి పిల్లల కోసం ఉన్న ఆ హాస్టల్‌కి ఆమె ఒకసారి వెళ్లి అడిగింది. "మేం నేర్పేదేం ఉండదు మేడమ్, పొద్దున్నొకటి, రాత్రొకటి డైపర్ మారుస్తాం," అంది ఆయా.

డైపర్ తొడిగితే నేర్చుకోనక్కర్లేదని చెప్పినట్టే. రెండు నెలలుగా మానేసింది. ఇవాళా తొడగలేదు. మడిచి బ్యాగులో ఫారం పక్కన పెట్టుకుంది.

స్టూడియో ఫ్లోర్‌లో కొత్త పెయింటు వాసన. ప్లైవుడ్ గోడలతో కట్టిన మధ్యతరగతి ఇల్లు. రామం చెయ్యి పట్టుకుని వంటిల్లు దాటి, పక్క గది ముందు హైమ ఆగిపోయింది. నీలం టైల్స్. పసుపు బకెట్. చెక్క పీట.

మూడు నెలల కిందట సూర్యనారాయణ ఫోనుతో తమ బాత్రూమ్‌లో ఫొటోలు తీసుకున్నాడు. చివరికి ఇన్నాళ్లకు చూశాడని ఆ రోజు ఆమె ఎంత పొంగిపోయిందో! మధ్యాహ్నం అతని కోసం గుత్తొంకాయ కూడా చేసింది.

"ఈ బాత్రూమ్ మాత్రం అద్భుతమండీ సూర్యం గారూ. ఆ పీట ఐడియా ఎక్కడ పట్టారసలు?" వెనక డైరెక్టర్ గొంతు.

"అబ్జర్వేషన్ సార్," అన్నాడు సూర్యనారాయణ.

కర్పూరం వెలిగింది. గుమ్మడికాయ నేలకు కొట్టగానే అందరూ ఒక్కసారి కేకలేశారు. హైమ చూసుకునేసరికి తన చేతిలో చెయ్యి లేదు.

ముందు కర్టెన్ల వెనక వెతికింది. లేడు. అప్పుడు వినిపించింది, నీలం గదిలోంచి.

"అయ్యింది."

నిక్కరు మోకాళ్ల దాకా దించుకుని, పాదాలు రెండూ పీట మీద ఆనించి, కమోడ్ మీద బుద్ధిగా కూర్చుని ఉన్నాడు రామం. ఎవరూ కూర్చోబెట్టలేదు. ఎవరూ చెప్పలేదు.

"అయ్యయ్యో, దానికి పైపు లేదు బాబూ!" అరిచాడు మేనేజర్ భిక్షం. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో ముక్కు మూసుకున్నారు.

సెట్ ఊడ్చే కొమురమ్మ చీపురు పట్టుకుని ముందుకొచ్చింది. "ఏందయ్యా గట్ల నవ్వుతరు? పోరడు బాత్రూమ్‌లనే గద కూసున్నడు. నల్లా రాకుంటె ఆనిదా తప్పు?"

సూర్యనారాయణ మొహం కందగడ్డయింది. భార్య చెవి దగ్గర పళ్లు నూరాడు. "డైపర్ వెయ్యమన్నానా లేదా?"

"అన్నారు. నేనే వెయ్యలేదు."

"చూస్తావేంటి మరి? వెళ్లు."

ఆమె కాలు కదిలింది. చెయ్యి అప్పటికే చున్నీ కొసని నడుముకు చుడుతోంది. తొమ్మిదేళ్లుగా మనసు చెప్పకముందే ఒళ్లు చేసే పని అది. సగం చుట్టిన చున్నీని హైమ చూసింది. మెల్లగా విప్పేసింది. బ్యాగులోంచి నీళ్ల సీసా, సబ్బు తీసి అతని చేతిలో పెట్టింది.

"మీరు కడగండి."

"నేనా? ఇక్కడ, ఇందరి ముందా?"

"తలుపుందిగా. మీరే పెట్టించారు."

డైరెక్టర్ అక్కడే నిలబడి చూస్తున్నాడు. అరవడానికి లేదు. సూర్యనారాయణ సీసా వంక చూశాడు, కొడుకు వంక చూశాడు, మణికట్టు మీది వాచీ పైకి తోసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

హైమ గది బయట మెట్టు మీద కూలబడింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. లోపల నీళ్ల చప్పుడు, తడబాటు, సీసా కింద పడిన శబ్దం. తర్వాత రామం గొంతు, విసుగ్గా, "సబ్బు." మళ్లీ కాసేపటికి, "చేతులు." నాన్నకి తెలియని వరస వాడికి తెలుసు.

ఆమె బ్యాగులోంచి ఫారం తీసింది. అతని సంతకం ఉంది, పక్కన తన కోసం ఖాళీ గీత. కాగితం వెనక్కి తిప్పి మోకాలి మీద పరిచి, పెన్ను మూత తీసింది. ఐదో బొమ్మ మళ్లీ మొదలుపెట్టింది. మగ్గు గీసింది, నీళ్లు గీసింది, చెయ్యి గీసింది. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఒక్క క్షణం ఆగింది.

ఈసారి గాజులు వెయ్యలేదు. వాచీ గీసింది.