అరవై మీటర్ల కింద సోడా

థర్మోక్లైన్ అంటే ఏంటో మా ఇంట్లో అందరికంటే తేలిగ్గా రాసింది నేనే. అక్క పనిచేసే సముద్ర పరిశోధన కేంద్రం చూడ్డానికి స్కూలు పిల్లలు వస్తుంటారు. వాళ్ల కోసం గోడ మీద పెట్టే పదాల పట్టిక నాతో రాయించారు. జీతం లేదు, టీ ఉంది. అందులో ఏడో మాట ఇది: "సముద్రం పైనుంచి కిందకి ఒకే తీరుగా చల్లబడదు. పై నీళ్లు గాలికి, అలలకి బాగా కలిసిపోయి కొంత లోతు దాకా ఇంచుమించు ఒకే వేడితో ఉంటాయి. ఆ కింద కొద్ది మీటర్లలోనే వేడి దభీమని పడిపోతుంది. ఆ పొరే థర్మోక్లైన్."

అదే వారం అక్క కోసం ఒక ప్రోగ్రామ్ కూడా రాశాను. పడవ మీంచి తీగకి కట్టి దించే పరికరం ఒకటుంటుంది, సీటీడీ అంటారు. ఉప్పెంత, వేడెంత, లోతెంత అని అర మీటరుకోసారి రాసుకుంటూ దిగుతుంది. అప్పుడప్పుడు దానికి తిక్క రేగి పిచ్చి అంకెలిస్తుంది. అందుకని, అంతకుముందు ఉంచిన అంకెకీ దీనికీ అర డిగ్రీకి మించి తేడా ఉంటే తప్పు కింద లెక్కేసి తీసెయ్, మొదటిదీ చివరిదీ మాత్రం ముట్టుకోకు, మధ్యలో ఖాళీ వస్తే గీత గీసి కలిపెయ్ అని ప్రోగ్రామ్‌కి చెప్పా. శుభ్రం చేసిన ఫైల్‌ని పాత దాని మీదే సేవ్ చెయ్యమన్నా. రెండు కాపీలెందుకు, చోటు దండగ. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి సంపాదించిన తెలివి ఇది.

శుక్రవారం మధ్యాహ్నం అక్క తన గదిలో గ్రాఫ్ ముందు కూర్చుని ఉంది. మన తీరానికి ఎదురుగా, యాభై మీటర్ల దగ్గర, అలాంటి చల్లటి పొర ఉందని, చేపలు దాని పైనే ఆగిపోతున్నాయని మూడేళ్లుగా చెప్తోంది. పొర కనిపిస్తేనే థీసిస్. గ్రాఫ్‌లో చూస్తే జారుడుబల్ల తప్ప ఏమీ లేదు. నాలుగింటికల్లా తేల్చి చెప్పమన్నారు వాళ్ల గైడు. "అంశం మార్చుకుంటాను" అని మెయిల్ రాసి, పంపకుండా, దాన్నే చూస్తోంది.

అప్పుడొచ్చాడు వించ్ బాబాయ్, పడవ లాగ్‌బుక్‌లో సంతకం కోసం. మాకు చుట్టమేం కాదు. పడవ మీద తీగ దించే యంత్రం నడుపుతాడు. కేంద్రంలో అందరికీ బాబాయే, డైరెక్టర్‌తో సహా.

"ఏంటమ్మా, ఎవరన్నా పోయారా?" అన్నాడు.

"థీసిస్ పోయింది" అన్నాన్నేను.

"నువ్వు నోర్ముయ్యవే" అంది అక్క తలెత్తకుండా. తర్వాత స్క్రీన్ ఆయన వైపు తిప్పింది. "చూడండి బాబాయ్. నలభై మీటర్ల దగ్గర ఇరవయ్యొక్క డిగ్రీలు, అరవై దగ్గర పద్దెనిమిది. నిదానంగా దిగుతోంది, అంతే. పొరా లేదు, పాడూ లేదు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది మన సముద్రం కాదమ్మా."

"మనదే. దించింది మీరే కదా."

"దించింది నేనే. అయినా కాదు." తలుపు వైపు ఓసారి చూశాడు. "ఒకటి చెప్తా, తిట్టకూడదు."

"చెప్పండి."

"ముందు తిట్టనని చెప్పు."

"బాబాయ్."

"సోడా సీసాలు సంచిలో వేసి తీగకి కట్టి దించుతాం. చల్లబడతాయని."

అక్క పెన్ను కింద పెట్టింది. "నా పరికరానికి సోడాలు కట్టారా?"

"పరికరానికి కాదమ్మా, తీగకి. రెండు బారలు పైన. నువ్విక్కడ చేరకముందు నుంచీ ఉన్న అలవాటే. నలభై మీటర్లకి దించిన రోజు కొంచెమే చల్లబడతాయి, తాగబుద్ధి కాదు. అరవైకి దించిన రోజు పళ్లు జివ్వుమంటాయి. ముందా సీసాలకి చెప్పమ్మా, అక్కడ పద్దెనిమిదని."

అక్క నిదానంగా నా వైపు తిరిగింది.

"ఏమే, నీ ప్రోగ్రామ్ ఎంత తేడాని తప్పంటుంది?"

"అర డిగ్రీ." అంటూండగానే ఏడో మాట గుర్తొచ్చింది. దభీమని పడిపోతుంది అని రాసిన చేత్తోనే, దభీమని పడితే చెరిపెయ్ అని రాశా.

"అసలు ఫైల్ ఉందా?"

"దాని మీదే సేవ్ చేశా."

అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది.

అసలు అంకెలు మిగిలుంటే ఇక పరికరం మెమరీలోనే ఉండాలి. దాన్ని పొద్దున్నే స్టోర్‌కి తిరిగిచ్చేశాం. అక్కడ మంచినీళ్లతో కడిగి, మెమరీ చెరిపి, తర్వాతి బృందానికిస్తారు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ముగ్గురం జెట్టీ చివరిదాకా నడిచాం. అక్క పరిగెత్తలేదు గానీ ఆ నడకని నేను అందుకోలేకపోయా.

స్టోర్ మేడమ్ రబ్బరు గ్లవ్స్‌తో తొట్టి దగ్గర ఉంది. పరికరం పక్కన బల్ల మీద ఆరుతోంది.

"కడగడం అయింది, చెరపడమే మిగిలింది" అంది. "టీ తాగొచ్చి చేద్దామని."

"నిదానంగా తాగండి మేడమ్" అంది అక్క. "ఇంకో కప్పు కూడా తాగండి."

కేబుల్ పెట్టి అంకెలు దించుకున్నాం. ఈసారి శుభ్రం చెయ్యలేదు. గ్రాఫ్ నలభై ఆరు మీటర్ల దాకా తిన్నగా దిగి, అక్కణ్ణుంచి గోడ మీంచి దూకినట్టు పడింది. ఎనిమిది మీటర్లలో పది డిగ్రీలు. దూకిన చోట అక్క వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"ఇదంతా నువ్వు తప్పని తీసేశావ్."

"ప్రోగ్రామ్ తీసేసింది."

"అది ఎవరు రాశారు?"

బాబాయ్ దగ్గాడు. నేను మెమరీలోని ఫైళ్లన్నీ రెండు కాపీలు తీసి రెండు చోట్ల పెట్టా. అక్క చూస్తూ నిలబడింది. నాలుగుకి పది నిమిషాలుండగా ఆ మెయిల్ చెరిపి, గ్రాఫ్ ఒక్కటే గైడుకి పంపింది.

సోమవారం పడవెక్కే ముందు బాబాయ్‌కి కొత్త రూల్ పెట్టింది అక్క: సంచి పరికరానికి పది మీటర్లు పైన కట్టాలి, ఎంత లోతుకి దించారో లాగ్‌బుక్‌లో రాయాలి. ఆయన తలూపి సంచి కట్టాడు. అందులో నాలుగు సీసాలున్నాయి. ఆయనకి, పడవ నడిపేవాడికి, వంటాయనకి ఒక్కోటి. నాలుగోది అక్కకి.

నాకు లేదా అని అడగలేదు.